పిలకాయల ఆటలో ఇనుము లెక్క



పోయిన నెల కూటంలో పిలకాయల ఫోను ఆటల గురించి మాట వచ్చింది. మొత్తంగా మాన్పించాలని కొందరన్నారు. అది జరిగే పనేనా అని కొందరు నవ్వారు. మాట తేలకముందే కాఫీ వచ్చింది, అందరం లేచిపోయాం. మేము ఒక ఏడాదిగా ఒక ఆటను పక్కనే కూచుని చూస్తా ఉన్నాం. చూసినది చూసినట్టు రాస్తే ఎవరికైనా పనికొస్తుందని ఈ పొడుగు రాత. నిదానంగా చదవండి.

మేము అంటే ధర్మపురిలో మా ఇంట్లో ఉండే ముసలివాళ్ళం ఇద్దరం. ఒకరి కాలం రైల్వే గుమాస్తా పనిలో గడిచింది, ఇంకొకరి కాలం ఆ జీతంలో ఇల్లు నడపడంలో గడిచింది. ఇద్దరం చదివింది తమిళ బళ్ళోనే. తెలుగు మాట ఇంట్లోది, తెలుగు అక్షరం రిటైరయినాక కూడబలుక్కుని నేర్చుకున్నది. ఆడేవాళ్ళు నలుగురు. పక్క వీధిలో ఉండే మా కూతురి పిల్లలు ఇద్దరు, మనమరాలికి పన్నెండు, చిన్నోడికి తొమ్మిది. బెంగుళూరులో పెద్దకొడుకు కొడుక్కి పద్నాలుగు. హోసూరులో చిన్నకొడుకు కొడుక్కి పదకొండు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా నలుగురూ ఒకే లోకంలో ఆడతారు, ఫోను స్పీకరులో పెట్టుకుని మాట్లాడుకుంటా ఉంటారు. మా కూతురి పిల్లలు ఆ గంట మా ఇంట్లోనే ఉంటారు కాబట్టి మాకు అన్నీ చెవిన పడతాయి.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశపు మార్కస్ పెర్సన్ అనే ఆయన 2009లో మొదలుపెట్టి, 2011 నవంబరులో పూర్తి ఆటగా విడుదల చేశాడు. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దాన్ని 250 కోట్ల డాలర్లకు కొనింది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయినాయని లెక్క చెప్పారు. బొమ్మలు చూస్తే ఏమీ ఉండదు. అంతా చదరపు దిమ్మలే. చెట్టు దిమ్మ, మన్ను దిమ్మ, రాయి దిమ్మ. ఇంత సాదా ఆటను అంతమంది ఎందుకు కొన్నారని మొదట్లో మాకు ఆశ్చర్యం. కొన్నాళ్ళు చూశాక అర్థమయింది. ఆ ఆటలో అసలు సరుకు బొమ్మ కాదు, తూకం.

తూకం అంటే ఏమిటో మనవాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గుడి అరుగుల మీద గీసిన ఆడుపులి ఆట మనందరికీ తెలుసు. పులులు మూడు, మేకలు పదిహేను. పులి దూకి మేకను తింటుంది, మేక దూకలేదు. చూస్తే అన్యాయంగా ఉంటుంది. కానీ మేకలు ఒకదాని వెనక ఒకటి సర్దుకుని నిలబడితే పులికి దారి ఉండదు. ఒక పులిని పెంచినా, నాలుగు మేకలను తగ్గించినా ఆ ఆట చచ్చిపోతుంది. రెండు పక్కలా బలం సమానం కాకపోయినా ఆట సమంగా ఉండాల. దాన్నే మేము తూకం అంటున్నాం.

ఇప్పుడు మైన్‌క్రాఫ్ట్ లెక్కకు వద్దాం. బతికి బయటపడే పద్ధతిలో ఆడితే మొదట చేతిలో ఏమీ ఉండదు. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి మన గడియారంలో ఇరవై నిమిషాలు. అందులో వెలుతురు సుమారు పది నిమిషాలే. చీకటి పడితే దయ్యాలూ ఎముకల గూళ్ళూ బయటికి వస్తాయి. క్రీపర్ అనే పచ్చ ప్రాణి చప్పుడు లేకుండా వెనక వచ్చి పేలిపోతుంది. కాబట్టి ఆ పది నిమిషాల్లో ఏం చేస్తావన్నదే మొదటి ప్రశ్న. మా చిన్నోడు ఆడిన మొదటి రోజుల్లో పూలు కోసేవాడు, కుక్కపిల్లను వెతికేవాడు, చీకటి పడగానే చచ్చేవాడు. వాళ్ళ అక్క వరస పెట్టి నేర్పించింది. మొదట చెట్టు కొట్టు. ఒక దుంగకు నాలుగు పలకలు వస్తాయి. నాలుగు పలకలతో పనిబల్ల. రెండు పలకలతో నాలుగు పుల్లలు. మూడు పలకలు, రెండు పుల్లలతో కొయ్య పికాసి. దానితో రాయి తవ్వి రాతి పికాసి. ఎనిమిది రాళ్ళతో కొలిమి. పొద్దు గూకేలోపల కొండ పక్కన ఒక బొరియ తవ్వుకుని, తలుపు మూసుకుని, లోపల ఒక దివిటీ పెట్టుకో. అంతే, మొదటి రాత్రి గడిచింది.

ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు ఎక్కే వీలు లేదు. కొయ్య పికాసితో ఇనుప రాయి కొడితే రాయి పగులుతుంది గానీ ఇనుము రాదు, దానికి రాతి పికాసి కావాల. వజ్రానికి ఇనుప పికాసి కావాల. ఒక్కోదానికి ఆయుష్షు కూడా ఉంది. కొయ్యది 59 దెబ్బలు, రాతిది 131, ఇనుముది 250, వజ్రానిది 1561. మాకు బాగా నచ్చింది బంగారం లెక్క. బంగారు పికాసి అన్నిటికంటే వేగంగా తవ్వుతుంది, కానీ 32 దెబ్బలకే విరిగిపోతుంది, ఇనుప రాయిని కూడా తియ్యలేదు. మెరిసేది వేరు, పనికొచ్చేది వేరు అని ఏ తాతా చెప్పకుండానే పిలకాయలు నేర్చుకున్నారు.

అన్నిటికంటే గొప్ప తూకం ఆకలిది. ఈ ఆట మొదట్లో ఆకలి లేదట. ఏదైనా తింటే గాయం వెంటనే మానేది, అంతే. 2011లో పూర్తి విడుదలకు కొద్ది నెలల ముందు ఆకలిని కలిపారు. తెర కింద పది కోడికాళ్ళ బొమ్మలు ఉంటాయి. పరిగెత్తినా, ఎగిరినా, కొట్లాడినా అవి కరుగుతాయి. తొమ్మిదికి తగ్గకుండా ఉంటేనే గాయాలు వాటంతట అవి మానతాయి. మూడుకు దిగితే పరిగెత్తలేవు. సున్నాకు వస్తే ప్రాణం తరుగుతుంది. సులువు పద్ధతిలో సగం ప్రాణం దగ్గర ఆగుతుంది, మధ్య పద్ధతిలో చావు గడప దాకా తీసుకుపోయి నిలబెడుతుంది, కష్టం పద్ధతిలో చంపేస్తుంది. అంటే కడుపు నిండినవాడికే ధైర్యం. మా ఊరి మెట్టసేద్యం వాళ్ళకు ఇది చెప్పాల్నా?

ఇక్కడ మా ఇంటామె మాట చెల్లింది. పిలకాయలు వేటకు పోయి పందినో కోడినో కొట్టి తినేవాళ్ళు. రెండు రోజులకు చుట్టుపక్కల జంతువు మిగల్లేదు. "రేపటికేముంది నాయనా?" అని ఆమె అడిగింది. గడ్డి కొడితే గోధుమ విత్తనం రాలుతుంది. మూడు గోధుమ కంకులకు ఒక రొట్టె. నీళ్ళ దిమ్మ ఒకటి నడిమధ్యన ఉంటే నాలుగు పక్కలా నాలుగేసి దిమ్మల దూరం నేల తడుస్తుంది. తొమ్మిది తొమ్మిదులు 81, నీళ్ళది ఒకటి పోతే 80 దిమ్మల సేద్యం. ఒక గుంట నీళ్ళకు ఇంత నేల అని తెలిశాక పిలకాయలు మడి కట్టారు, చుట్టూ కంచె వేశారు. చెట్టు కొట్టినచోట ఆకుల్లోంచి రాలిన మొక్కను మళ్ళీ నాటడం కూడా అప్పుడే అలవాటయింది. వేట వాళ్ళను చెల్లాచెదురు చేసేది. మడి వచ్చాక అందరూ ఒకచోట చేరారు.

రాత్రి సంగతి ఇంకో ముచ్చట. మూడు ఉన్ని దిమ్మలు, మూడు పలకలు ఉంటే మంచం. మంచంలో పడుకుంటే రాత్రి దాటిపోతుంది. కానీ నలుగురు కలిసి ఆడేటప్పుడు, నియమం మార్చకుంటే, నలుగురూ పడుకోవాల. ముగ్గురు పడుకుని ఒకడు గుహలో తిరగతా ఉంటే తెల్లారదు. మూడు రోజులు పడుకోకుండా తిరిగినవాడి మీదికి ఆకాశం నుంచి ఫాంటమ్ అనే పక్షి దయ్యాలు దిగుతాయి. "బావా, పడుకో! నీ ఒక్కడి కోసం అందరం కాచుకోనుండాం" అని మా మనమరాలు అరిచే అరుపు వీధి చివరికి వినబడేది. ఒకరికోసం ఒకరు ఆగాల్సిన పని ఆటలోనే పెట్టిన ఆ తయారుచేసిన వాడికి దండం పెట్టాలనిపించింది.

అసలు కథ ఇక్కడి నుంచి. ఆ లోకంలో మా మనమరాలి ఇల్లు ఒక గుట్ట మీద, బెంగుళూరు వాడి ఇల్లు దూరంగా ఏటి ఒడ్డున. ఒకరోజు మా పాత లైను గురించి వాళ్ళకు చెప్పాం. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి రెండున్నర అడుగుల చిన్న పట్టాల రైలు వచ్చింది. 1913లో దాన్ని హోసూరు దాకా పొడిగించారు. 1941లో, యుద్ధం రోజుల్లో, లైను మూసేశారు, పట్టాలు తీసేశారు. ఇప్పుడు మన ఊరికి సేలం–బెంగుళూరు బండ్లు ఓమలూరు మీదుగా వస్తాయి గానీ, మొరప్పూరు మెయిన్ లైనుకు నేరుగా పోవాలంటే బస్సే గతి. సుమారు 36 కిలోమీటర్ల ఆ దారికి మళ్ళీ రైలు కావాలని జిల్లా ఎన్నేళ్ళుగానో అడుగుతా ఉంది. ఇది విని నలుగురూ ఒకటే పట్టు. గుట్ట మీది ఇల్లు ధర్మపురి, ఏటి ఒడ్డు ఇల్లు మొరప్పూరు, మధ్యలో లైను వెయ్యాల.

దూరం కొలిచారు, 640 దిమ్మలు. ఎస్టిమేటు మా ఇంట్లో కాగితం మీద వేశాం. ఆరు ఇనుప కడ్డీలకు, ఒక పుల్లకు పదహారు పట్టాలు. తోపుడు ఇచ్చే బంగారు పట్టా 32 దిమ్మలకు ఒకటి చొప్పున 20 కావాల. మిగతా 620 మామూలు పట్టాలకు 39 సార్లు చెయ్యాల, అంటే 234 కడ్డీలు. నలుగురికి నాలుగు బండ్లు, బండికి ఐదు కడ్డీలు, 20. మొత్తం 254 ఇనుప కడ్డీలు. బంగారు పట్టాలకు 24 బంగారు కడ్డీలు. ఒక బొగ్గు ఎనిమిదింటిని కరిగిస్తుంది కాబట్టి 278 కడ్డీలకు 35 బొగ్గులు. పట్టాలకు, వాటిని నడిపే దివిటీలకు కలిపి ఎర్రరాయి పొడి 24. బండి వేగం సెకనుకు 8 దిమ్మలు, అంటే ప్రయాణం 80 సెకన్లు. పరిగెత్తి పోయినా రెండు నిమిషాల్లోపలే. "మరి రైలెందుకు తాతా?" అని హోసూరు వాడు అడిగాడు. "పరిగెడితే ఆకలి కరుగుతుంది, బండిలో కూచుంటే కరగదు. పైగా రైలు రైలే కదా నాయనా" అన్నాం.

పదిహేను రోజులు గుహల్లో దిగారు. ఒకడు తవ్వితే ఒకడు దివిటీ పెట్టేవాడు. చిన్నోడి పని రొట్టెలు మోయడం. నేరుగా కాళ్ళ కింద తవ్వరాదు, మెట్లు మెట్లుగా దిగాల అన్నది అందరికీ కంఠస్థం. చచ్చినవాడి మూట ఐదు నిమిషాల్లో మాయమవుతుంది కాబట్టి ఒకరు చస్తే ముగ్గురూ పరిగెత్తేవాళ్ళు. 90 కడ్డీలు కూడినాయి. లెక్క మా మనమరాలు నోటుపుస్తకంలో రాసేది. అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగులోనే రాసేది, "బావ 11, తమ్ముడు 2" అని.

అప్పుడు బెంగుళూరు వాడు ఇనుప తోట కట్టాడు. ఆ లోకంలో పల్లెజనం అని బొమ్మ మనుషులు ఉంటారు. వాళ్ళ ఊరికి కాపలాగా ఇనుప భూతం ఒకటి తానుగా పుడుతుంది. చస్తే మూడు నుంచి ఐదు కడ్డీలు రాలుస్తుంది. వీడు పల్లెజనాన్ని మంచాలతో సహా ఒక అరలో పెట్టి మూసి, పుట్టిన భూతం పుట్టినట్టే నిప్పుద్రవంలో పడేట్టు కట్టాడు. కడ్డీలు వాటంతట అవే పెట్టెలో పడతాయి. మోసం కాదు, ఆట నియమాల్లోపలిదే. చాలా బుద్ధి ఉంటేనే కట్టగలరు. శని ఆదివారాల్లో వాడొక్కడే కూచుని పెట్టెలు నింపాడు, లైను మొత్తం వేసేశాడు.

సోమవారం సాయంత్రం నలుగురూ బండి ఎక్కారు. 80 సెకన్లు. దిగారు. మంగళవారం మా మనమరాలు పది నిమిషాలకే ఫోను పక్కన పెట్టింది. "ఏమ్మా?" అంటే "చేసేదానికి పని లేదు తాతా" అనింది. చిన్నోడికి ఒళ్ళంతా ఇనుప కవచం, చేతిలో ఇనుప కత్తి. రొట్టె మోసే పని పోయింది. హోసూరు వాడు రావడమే మానేశాడు. వారం తిరిగేసరికి ఏడు గంటలకు మా ఇంట్లో చప్పుడు లేదు. ఫోను ఆట మానాలని కోరుకునే పెద్దవాళ్ళకు ఇది సంతోషంగా ఉండాల. మాకు లేదు. ఎందుకంటే ఆ నలుగురూ కలిసి తెలుగులో మాట్లాడే గంట రోజులో అదొక్కటే. బడిలో ఇద్దరికి తమిళం, ఒకడికి కన్నడం, అందరికీ ఇంగ్లీషు. ఇల్లిల్లూ వేరు. ఆట పోతే ఆ మాట కూడా పోతుంది.

పంచాయితీ మా దగ్గరికే వచ్చింది. బెంగుళూరు వాడికి కోపం. "నేను అందరికోసమే కదా చేసింది? ఒక్క కడ్డీ కూడా దాచుకోలేదు. చేత్తో తవ్వడం టైం వేస్టు తాతా." మనమరాలు చెప్పింది, "బావ చేసింది తప్పని నేను అన్లేదు. మాకు మిగిలిందేముందని అడగతా ఉండా." మా ఇంటామె మాత్రం అరలో పెట్టిన పల్లెజనం దగ్గరే ఆగిపోయింది. "వాళ్ళకు తిండి?" "అవి బొమ్మలవ్వా, తినవు." "బొమ్మలయితే మాత్రం, తలుపు లేని గదా?"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. వాడు చెప్పింది ఫ్యాక్టరీ న్యాయం. యంత్రం చేసే పనిని మనిషి చెయ్యడమెందుకు? నిజ జీవితంలో మేమూ వాడి పక్కే. చేత్తో రసీదులు రాసిన రోజుల నుంచి కంప్యూటరు టికెట్టు దాకా చూసినవాళ్ళం, పాత రోజులు రావాలని ఏనాడూ అనుకోలేదు. కానీ ఆట ఇంకో సంగతి. ఆటలో ఇనుము ఇనుము కోసం కాదు. అది తక్కువగా ఉంది కాబట్టే ఒకరు తవ్వాల, ఒకరు దివిటీ పట్టాల, ఒకరు రొట్టె మొయ్యాల. అది కుప్పలు పడిన రోజు ఒకరికి ఇంకొకరితో పని లేదు. పులికి మేకలన్నీ ముందే దొరికినట్టు.

తీర్పు మేము చెప్పలేదు. పిలకాయలే మూడు రోజులు వాదులాడి ఒక కట్టుబాటు రాసుకున్నారు. వేసిన లైను అట్లే ఉంటుంది. తోట ఇనుము పట్టా మరమ్మతుకు, కంచెకు, బకెట్టుకు మాత్రమే. కొత్త లైను ధర్మపురి నుంచి హోసూరుకు, దానికి చేత్తో తవ్విన ఇనుమే. నోటుపుస్తకంలో ఎక్కని కడ్డీ పట్టా కాకూడదు. పల్లెజనం గదికి ఒక తలుపు, ఒక కిటికీ పెట్టాల. ఆ ఆఖరుది అవ్వ కోసం. తలుపు పెడితే తోట సరిగా పని చెయ్యదని వాడు గొణిగాడు. అయినా పెట్టాడు.

దాని తరవాత ఒక పాత గనిలోని పెట్టెలో మంత్రించిన బంగారు ఆపిలు ఒకటి దొరికింది. చావు అంచు నుంచి మనిషిని లాగే పండు అది. ఒకప్పుడు దాన్ని చేసుకునే వీలుండేదట, తరవాత ఆ వీలు తీసేశారు. ఇప్పుడు దొరికితేనే. నలుగురికి ఒకటే పండు. ఎవరిది? మన ఊరి పాత పేరు తగడూరు, ఏలినవాడు అదియమాన్. ఆయుష్షు పెంచే అరుదైన ఉసిరికాయ దొరికితే తాను తినకుండా అవ్వైయారుకు ఇచ్చాడని మేము తమిళ బడిలో చదువుకున్నాం. ఆ కథను తెలుగులో చెప్పాం. "అయితే ఎవరు బతికితే అందరికీ లాభమో వాళ్ళకియ్యాల" అని హోసూరు వాడు అన్నాడు. ఎవరు బతికితే అన్నదాని మీద ఇంకో గంట వాదం. ఇప్పటికి ఆ పండు ఉమ్మడి పెట్టెలో ఉంది. కుప్పగా ఉండుంటే ఆ వాదమూ ఉండేది కాదు, ఆ కథ చెప్పే సందూ దొరికేది కాదు.

సభ్యులకు మా మనవి. పిల్లాడు ఎన్ని గంటలు ఆడాడన్నది ఒక్కటే చూడకండి. గంట లెక్క తప్పదు, మా ఇంట్లో కూడా ఎనిమిదికి ఆపాల్సిందే. తెలియని వాళ్ళ లోకాల్లోకి పోకుండా ఇంటివాళ్ళ లోకంలోనే ఆడాల, డబ్బు కట్టేచోట పెద్దవాళ్ళ అనుమతి లేకుండా వేలు పెట్టరాదు. ఇవి అందరికీ తెలిసినవే. దానికి పైన ఇంకొకటి అడగండి: "ఈరోజు ఎవరితో నీకు పని పడింది? నీతో ఎవరికి పని పడింది?" జవాబు ఉంటే ఆ ఆట తూకంలో ఉన్నట్టు. లేకుంటే గంటైనా, పది నిమిషాలైనా వాడు ఒంటరిగా ఉన్నట్టే.

ఎండాకాలం సెలవుల్లో మన సంఘం పిలకాయలకు, సేలంలో, క్రిష్ణగిరిలో, బెంగుళూరులో ఉండే వాళ్ళకు కూడా, ఇట్ట ఒక ఉమ్మడి లోకం పెడితే ఎట్లుంటుందని మా ఆలోచన. కట్టుబాట్లు పిలకాయలే రాసుకోవాల, తెలుగులో. లెక్కల పుస్తకం కూడా తెలుగులో. ఇష్టముండే వాళ్ళు కింద రాయండి, వచ్చే కూటంలో మాట్లాడుకుందాం.

హోసూరు లైను ఎంతదాకా వచ్చిందని అడిగేవాళ్ళకు: నిన్నటికి 112 కడ్డీలు. దూరం ఇంకా సగం పైనే ఉంది. బెంగుళూరు వాడు ఇప్పటికీ ఇది టైం వేస్టనే అంటాడు. ఏడు కొట్టేసరికి మొదట ఫోను చేసేది మాత్రం వాడే.